పందెం అను నేరం

గోపన్నపేట మహిళా వినోద సమాజం మీద పోలీసులు దాడి చేయడానికి ఒక్క మాట కారణం. అదేమీ బూతుమాట కాదు. సంసారుల ఇళ్లలోని ఆడవాళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక, మార్కెట్ వెనక గదిలో ఫ్యాను కింద కూచుని రోజూ అనుకునే మాట.

ఆ రోజు పేరిందేవి నాలుగు గవ్వలూ గుప్పిట్లో పట్టుకుని, చెమ్మ పడాలని తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకుంటోంది. ఎదురుగా కూచున్న సూరీడమ్మగారికి విసుగొచ్చింది. సూరీడమ్మగారికి చెవుడు. ఆవిడ గుసగుసలాడితే మార్కెట్లో చేపల బేరాలు ఆగిపోతాయి.

"ఎంతసేపమ్మా ఆ గవ్వల్ని పొదుగుతావు? పందెం వెయ్యి!" అందావిడ.

సరిగ్గా అప్పుడే కానిస్టేబుల్ సింహాద్రి వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. ఊరికి కొత్త. 'జూదాలపై ఉక్కుపాదం' అనే ఉత్తర్వు కాపీ ఆయన జేబులో ఉంది. పాదం మోపడానికి చోటే అప్పటిదాకా దొరకలేదు.

అష్టాచెమ్మా ఆడేవాళ్లకి పందెమంటే గవ్వలు వేయడం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఎవరి వంతు వస్తే పందెం వాళ్లది. ఇందులో డబ్బు మాటే లేదు. కానీ పోలీసుశాఖ దగ్గరున్న పందేనికి ఒకటే అర్థం ఉంది, అది కూడా సెక్షన్లతో కలిపి ఉంది.

సింహాద్రి గదిలోకి వెళ్లి గవ్వలు, చింతపిక్కలు, పగిలిన గాజుముక్కలు స్వాధీనం చేసుకున్నాడు. ఆట గళ్లు మాత్రం గచ్చు మీద చెక్కి ఉన్నాయి. గచ్చు పెకలించే అధికారం తనకి లేదు కనుక గదికే సీలు వేశాడు.

స్టేషన్లో ఎస్సై జయకర్ ఆడవాళ్లందరినీ ఎదురుగా కూచోబెట్టి పంచనామా రాయడం మొదలుపెట్టాడు.

"నువ్వు వెళ్లేసరికి లోపల ఏమనుకుంటున్నారు?"

"'రెండు చంపాను, ఇహ నేను లోపలికి పోవచ్చు' అంటున్నారు సార్."

"ఎవరన్నారు?"

సింహాద్రి కుముదిని వైపు చూపించాడు. కుముదిని ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి.

"చంపింది కాయల్నండీ," అంది కుముదిని. "ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపితే గాని లోపలి గళ్లలోకి వెళ్లనివ్వరు. అది ఆట."

"ఇంకో ఇద్దరున్నారు సార్," అన్నాడు సింహాద్రి. "'చెమ్మ రావాలి, చెమ్మ రావాలి' అని ఈవిడ అనుకుంటోంది. 'అష్ట వస్తే నా కొంప మునిగినట్టే' అని ఆవిడ అంటోంది. గదంతా వెతికాను సార్, ఆ ఇద్దరూ దొరకలేదు."

ఎస్సై ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, 'అష్ట, చెమ్మ: పరారీ' అని రాసుకున్నాడు.

"మీకు అష్టాచెమ్మా తెలీదా బాబూ?" అని అడిగింది పేరిందేవి.

"ఎందుకు తెలీదండీ? మా నాయనమ్మ వొళ్లో కూచుని నేర్చుకున్నాను. అప్పుడు నేను ఎస్సైని కాదు." ఆయన కలం మూత పెట్టాడు. "నన్ను అర్థం చేసుకోండమ్మా. గవ్వ ఎటు పడుతుందో మనిషి చేతిలో లేదు. మనిషి చేతిలో లేనిది జూదం. మీది నైపుణ్యం ఉన్న ఆటేనని క్రీడా నైపుణ్య నిర్ధారణ మండలి నుంచి పత్రం తెచ్చుకోండి, గది తెరిపిస్తాను. రూలు రూలేనండీ."

పేరిందేవికి కేసంటే పెద్ద భయం లేదు. ఆవిడ భయం వేరు. కుముదిని ఆవిడకి తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకున్నప్పుడు హాలు మధ్యలో గోడ లేచింది, రుబ్బురోలు కుముదిని వైపు ఉండిపోయింది. దాని గురించి పేరిందేవి ఒక మాట అంది, కుముదిని రెండు మాటలంది. ఆ మాటలేమిటో ఇప్పుడు ఇద్దరికీ సరిగా గుర్తులేదు. మాట్లాడుకోకూడదన్నది మాత్రం బాగా గుర్తుంది. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ నోరారా అక్కా అని పిలిచిన కుముదిని ఆ పిలుపు కూడా మానేసింది.

ఇద్దరూ మాట్లాడుకునేది ఒక్క ఆట దగ్గరే. "పందెం నీది," "నీ కాయ చచ్చింది," "నాదొకటి పండింది," అంతే. అయినా అవి మాటలే కదా. కుముదిని ఆటగత్తె, ఏ కాయ ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలుసు, ఎక్కువసార్లు ఆవిడే గెలిచేది. అప్పుడప్పుడూ గవ్వలు పేరిందేవి మీద దయతలచి వరసగా అష్టలు కురిపించేవి. ఓడినావిడ "గవ్వలు పడలేదు" అనేది. గెలిచినావిడ "ఇవాళ గవ్వలు పడ్డాయిలే" అనేది. తప్పూ గొప్పా రెండూ గవ్వల నెత్తినే పెట్టేసి ఇద్దరూ తేలికపడి ఇళ్లకు పోయేవాళ్లు. ఆ గది తెరుచుకోకపోతే ఇద్దరి మధ్యా ఇక మిగిలేది గోడొక్కటే. అందుకే జిల్లా కేంద్రానికి పొద్దున్నే బస్సెక్కిన వాళ్లలో పేరిందేవి అందరికంటే ముందు కూచుంది. కుముదిని రెండు వరసల వెనక కూచుంది.

నైపుణ్య నిర్ధారణ మండలి సంయుక్త సంచాలకులు పరాంకుశరావుగారు వాళ్లని ఎంతో మర్యాదగా కూచోబెట్టారు. మర్యాద చేయడంలో ఆ కార్యాలయానికి మంచి పేరుంది, దానికి సంబంధించిన ఉత్తర్వు గోడకి అతికించి ఉంటుంది.

"అమ్మా, మండలి దృక్కోణంలో ఏ క్రీడకైనా అంశాలు రెండు," అన్నారాయన. "ఒకటి నైపుణ్యం. అది పౌరుని కృషి. రెండవది యాదృచ్ఛికత. అది ప్రభుత్వ అనుమతి లేకుండా జరిగే సంఘటన. రెండవదానిని సున్నా స్థాయికి తగ్గించినచో మొదటిది దానంతటదే నూరు శాతమగును."

"సార్," అంది కుముదిని, "గవ్వ ఎలా పడుతుందో తెలియదు కాబట్టే బుర్ర వాడాలి. దుగ అంటే రెండు, అది పడితే ఏం చెయ్యాలి, అష్ట పడితే ఏం చెయ్యాలి, ఎదుటావిడకి చెమ్మ పడితే నా కాయ గతేమిటి, ఇన్నీ ఆలోచించుకుని ఉండాలి. ఏది పడ్డా తట్టుకునేలా కాయలు సర్దుకోవడమే మా నైపుణ్యం. ఏం పడుతుందో ముందే తెలిసిపోతే ఇక మిగిలేది కూడికలే కదండీ?"

"తమరి అభిప్రాయం నమోదు చేయబడినది," అన్నారు పరాంకుశరావుగారు. ఆయన దేనినీ నమోదు చేయలేదు.

త్వరలోనే ఉత్తర్వు వచ్చింది. గవ్వలు రద్దు. ఇకమీదట ప్రతి క్రీడాకారిణికి మొదటి వంతులో ఒకటి, తర్వాత రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, మళ్లీ ఒకటి, ఈ వరుసలోనే అంకెలు ఇవ్వబడును. అష్ట, చెమ్మ పడినప్పుడు మళ్లీ వేసుకునే ఆనవాయితీ కష్టపడకుండా వచ్చే లాభం కనుక అదీ రద్దు. పందెం అనే మాట వాడరాదు. దానికి బదులు 'సంఖ్యా కేటాయింపు' అనవలెను. ఈ విధానము తృప్తికరముగా అమలైనచో పత్రము మంజూరు చేయబడును. అంతవరకు ప్రయోగాత్మకముగా గది తెరవవచ్చును.

గది తెరిచారు. కేటాయింపులు సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడడానికి మండలి నుంచి నరహరి అనే పర్యవేక్షకుడొచ్చి, కుర్చీ వేసుకుని, మెళ్లో ఈల తగిలించుకుని కూచున్నాడు.

"సంఖ్య కేటాయించబడినది! మూడు!" అని ఈల ఊదేవాడు.

సూరీడమ్మగారికి ఈల వినబడేది కాదు. ఆవిడ పక్క మనిషిని మోచేత్తో పొడిచి, "ఏం పడిందే?" అని అడిగేది.

"ఏం పడలేదు పిన్నిగారూ. ఇచ్చారు."

"ఎవరిచ్చారు?"

"ప్రభుత్వం."

"నాకు అష్ట ఇమ్మను."

"మీ వంతు రావాలటండీ."

సూరీడమ్మగారు మొదటి రోజే వెళ్లిపోయింది. అష్ట వచ్చే వేళ తెలిసిపోయాక దానికోసం ఎదురు చూడడం రైలు కోసం చూడడం లాంటిదని, తనకి ఊరికి వెళ్లే పనేమీ లేదని చెప్పి మరీ వెళ్లింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి తోడికోడళ్లిద్దరే మిగిలారు.

పేరిందేవి రోజూ ఓడిపోయింది. కుముదిని గళ్లకేసి ఒక్క చూపు చూసి, మొత్తం ఆటంతా మనసులోనే ఆడేసి, ఏ కాయ ఎప్పుడు చస్తుందో, ఏది ఎప్పుడు పండుతుందో ముందే తేల్చుకునేది. అదేం గొప్పగా చేసేది కాదు. లెక్క కనబడితే చెయ్యకుండా ఉండలేని మనిషి, అంతే. ఆట అయిపోయాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. గవ్వలు పడలేదు అందామంటే గవ్వలు లేవు. పేరిందేవి ఓడింది తన తెలివితక్కువతనం వల్లేనని గదిలో గోడలతో సహా అందరికీ తెలుసు. కుముదిని గెలిచిందంటే తోడికోడల్ని చిన్నబుచ్చినట్టే.

ఒకరోజు పేరిందేవి ఉక్రోషం ఆపుకోలేక, "నువ్వు చదువుకున్నదానివి. రోలు కూడా నీదే," అంది.

కుముదిని కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. మర్నాడు కాయలు సర్దుతూ, "ఇందులో ఆలోచించేదేముంది? రోజూ ఇదే గెలుపు. నాకు విసుగ్గా ఉంది," అంది ఎవరితోనో అన్నట్టు. ఆ మాట పేరిందేవికి ఓటమి కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంతలో నరహరికి ఇంకో లోపం కనబడింది. మొదటి వంతు ఎవరిదో తేల్చడానికి వీళ్లు నాణెం ఎగరేసుకుంటున్నారు. అది యాదృచ్ఛికత. ఇకమీదట మొదటి వంతు సీనియారిటీ ప్రకారమేనని ఆయన ప్రకటించాడు.

"నేను పెద్దకోడల్ని," అంది పేరిందేవి.

"వయసులో నేను ఎనిమిది నెలలు పెద్ద," అంది కుముదిని.

నరహరికి చెమటలు పట్టాయి. 'సీనియారిటీ నిర్ణయమునకు ప్రాతిపదిక వయసా? వరసా?' అని మండలికి రాశాడు. ఇది విధానపరమైన ప్రశ్న అని మండలి దాన్ని రాజధానికి పంపింది. జవాబు వచ్చేవరకు మొదటి వంతు ఎవరికీ లేదు. మొదటి వంతు లేకపోతే రెండోది కూడా లేదు. నరహరి మాత్రం రోజూ వేళకి వచ్చి, ఈల సర్దుకుని కూచుని, వేళకి వెళ్లిపోయేవాడు. ఆ గదిలో అదృష్టం సున్నాకి చేరిందని నివేదిక పంపాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పేరిందేవి మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండిపోయింది. గోడ అవతల కుముదిని దగ్గితే వినబడేది. మందు వేసుకున్నావా అని అడగాలనిపించేది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలిసేది కాదు. పందెం నీది అనడానికి మధ్యలో గళ్లు లేవు. ఆవిడకి నిజంగా దిగులేసింది.

నైపుణ్య పత్రం ప్రదానం చేస్తున్నామని కబురొచ్చినప్పుడు ఊళ్లో ఆశ్చర్యపోనివాళ్లు పరాంకుశరావుగారొక్కరే. మునిసిపల్ హాల్లో సభ పెట్టారు. తోరణాలు, దండలు, మైకు అన్నీ వచ్చాయి. చిక్కల్లా ఒకటే. ఏడాదికి జిల్లాకి ఒక్క సంస్థకే పత్రం ఇవ్వాలని నిబంధన. పోటీకి రెండు సంస్థలున్నాయి.

రెండోది పానకాలుగారి వైకుంఠపాళి సంఘం. వాళ్లు మండలి సూచనల్ని ఇంకా భక్తిగా పాటించారు. పాచిక తీసేశారు. పాములు చేసిన తప్పుకి మించిన శిక్ష కనుక వాటిని చెరిపేశారు. నిచ్చెనలు పడ్డ కష్టానికి మించిన ఫలం కనుక వాటినీ చెరిపేశారు. ఇప్పుడు సభ్యులంతా మొదటి గడి నుంచి గడికొక అడుగు చొప్పున నడిచి, వరసలో వైకుంఠం చేరి, ఇళ్లకు పోయి పడుకుంటున్నారు. అక్కడా అదృష్టం సున్నాయే.

పరాంకుశరావుగారు మైకు ముందుకొచ్చారు. "ఉభయ సంస్థలూ యాదృచ్ఛికతా నిర్మూలనలో సమానమైన సున్నా సాధించడం మండలికి గర్వకారణం. సమాన అర్హతలు ఏర్పడిన సందర్భంలో నిబంధనల ప్రకారం విజేతను చీటీ తీసి నిర్ణయించడమైనది. అనగా, నిర్ణయించబడును."

రెండు చీటీలు ఇత్తడి చెంబులో వేశారు. పానకాలుగారు లేచి నిలబడ్డారు.

"ఒక చీటీ మడత లావుగా ఉందండీ. చేతికి తెలిసిపోద్ది. ఇది న్యాయం కాదండీ!"

చీటీలు మళ్లీ మడిచారు. ఈసారి సమాజం తరఫున సూరీడమ్మగారు అభ్యంతరం చెప్పింది. విషయం వినబడలేదు గానీ పానకాలుగారు చెప్పారు కాబట్టి తనూ చెప్పాలనుకుంది. వేదిక మీద గుసగుసలు సాగాయి. ఎవరి చెయ్యీ, ఎవరి మడతా, ఎవరి ఇష్టమూ తగలని సాధనమొకటి కావాలన్నారు పరాంకుశరావుగారు.

"నాలుగు గవ్వలు చాలండి," అంది కుముదిని ముందు వరసలోంచి. "రెండు పక్షాలూ చెరోసారి వేస్తే ఎవరికి ఎక్కువ పడితే వాళ్లది."

పరాంకుశరావుగారు సలహా బాగుందన్నట్టు తలాడించారు.

"యాదృచ్ఛికత అంటే అనుమతి లేని సంఘటన అన్నారు కదండీ?" అని అడిగింది పేరిందేవి. తోడికోడలి చురకకి తాను వంత పాడానని ఆవిడకి తర్వాత గాని తట్టలేదు.

"ఇది అనుమతి ఉన్న యాదృచ్ఛికత," అన్నారు పరాంకుశరావుగారు. ఊళ్లో గవ్వలెక్కడా లేవు, కేసు భయంతో అందరూ పారేశారు. సాక్ష్యంగా భద్రపరిచిన నాలుగు గవ్వలూ స్టేషన్ నుంచి సీలు కవరులో వచ్చాయి. సింహాద్రే రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. సీలు విప్పారు. పరాంకుశరావుగారు గవ్వల్ని పేరిందేవి చేతిలో పెట్టి, సభంతటికీ వినబడాలని మైకులోకి వంగి, చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర విన్న మాటే అన్నారు.

"రండమ్మా, పందెం వెయ్యండి!"

సింహాద్రి జేబులోంచి ఉత్తర్వు తీశాడు. ఒకసారి చదువుకున్నాడు. అందులో సంయుక్త సంచాలకులకి మినహాయింపు ఎక్కడా కనబడలేదు. వేదికెక్కి, ఎంతో వినయంగా ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"సార్, స్టేషన్‌కి దయచెయ్యాలి సార్. చీటీలు, గవ్వలు, మైకులో పిలుపు. అన్నీ ఉన్నాయి సార్."

ఎస్సై జయకర్ పరుగున వచ్చాడు. పరాంకుశరావుగారి కేసి, సింహాద్రి కేసి, చివరికి పేరిందేవి కేసి చూశాడు. ఆ రోజు తానన్న మాట ఆవిడకి గుర్తుండే ఉంటుందని ఆయనకి అనిపించింది.

"రూలు రూలేనండీ," అన్నాడు నీరసంగా.

స్టేషన్లో ఎస్సై పైవాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. పైవాళ్లు వాళ్ల పైవాళ్లకి చేశారు. సాయంత్రానికి రాజీ మాట వచ్చింది. పరాంకుశరావుగారిని ఇంటికి పంపేశారు. మండలి పని వాయిదా పడింది. కానీ గవ్వల సీలు విప్పేశారు కనుక సాక్ష్యం మళ్లీ తనిఖీ చెయ్యాలి. అవి నిజంగా ఆ గవ్వలేనా, నిజంగా పడతాయా అన్నది తేలాలి. పైగా అష్ట, చెమ్మ ఇంకా దొరకలేదు. వాళ్లు దొరికేవరకు కేసు మూయడానికి లేదు, కేసు మూసేవరకు గవ్వలు స్టేషన్ దాటడానికి లేదు. ఆ ఇద్దరినీ గుర్తుపట్టగలిగినవాళ్లు సమాజం ఆడవాళ్లే కనుక, వాళ్లు రోజూ మధ్యాహ్నం స్టేషన్‌కి వచ్చి గవ్వలు వేసి తనిఖీకి సహకరించాలని ఎస్సై ఉత్తర్వు రాశాడు. రాసి, తలెత్తకుండా, "వరండాలో ఫ్యానుందండీ," అన్నాడు.

మర్నాడు వరండా గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీశారు. చింతపిక్కలు పేరిందేవివి, గాజుముక్కలు కుముదినివి. సూరీడమ్మగారు లాకప్పుకి చేరగిలబడి కూచుంది. సింహాద్రి బల్ల దగ్గర కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆట సాగింది. కుముదిని కాయలు మూడు పండిపోయాయి, నాలుగోది నడిమి గడి చేరి పండడానికి ఒక్క గడి దూరంలో ఉంది. పేరిందేవివి రెండింకా బయటే ఉన్నాయి. ఇక లాభం లేదనుకుంటూ విసిరింది. నాలుగూ బోర్లాపడ్డాయి.

"అష్ట!" అని సూరీడమ్మగారు అరిచింది.

సింహాద్రి గబగబా రాసుకున్నాడు: 'అష్ట అను నిందితుడు స్టేషన్ వరండాలోనే కనిపించి, పట్టుకునేలోపల మాయమయ్యెను.'

అష్ట పడితే మళ్లీ వేయాలి. మళ్లీ అష్ట. మళ్లీ వేస్తే చెమ్మ, ఆ పైన మూడు. సింహాద్రి ఒక పేజీ తిప్పాడు. ఆ తర్వాత కుముదినికి కావలసినది ఒకటి. రెండు పడింది, మూడు పడింది, మళ్లీ రెండు పడింది, ఆ ఒక్కటీ పడలేదు. వెల్లకిలా పడాల్సింది ఒక్క గవ్వే. లెక్కలన్నీ తెలిసిన కుముదిని ఆ నాలుగు గవ్వల కేసి దిమ్మెరపోయి చూస్తూ ఉండిపోయింది. ఈలోగా పేరిందేవి ఆఖరి కాయ పండించేసింది.

కుముదిని నవ్వింది. ఈమధ్య ఎప్పుడూ నవ్వనంత పెద్దగా నవ్వింది.

"గవ్వలు పడలేదు," అంది.

పేరిందేవి గెలిచింది. గెలిచినావిడ అనాల్సిన మాట ఒకటుంది. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆ దగ్గుకి మందేసుకున్నావా?" అంది దానికి బదులు.

"వేసుకున్నాను." కుముదిని కాయలు మళ్లీ గళ్లలో పేర్చింది. "రేపు పప్పు నానబొయ్యి. రోలు ఊరికే పడుంది. రుబ్బుకుందువుగాని."

గవ్వలు నాలుగూ ఏరి, పేరిందేవి అరచేతిలో పోసి, ఆ చెయ్యి మూసింది.

"పందెం నీదక్కా," అంది.

బల్ల దగ్గర సింహాద్రికి ఆ మాట స్పష్టంగా వినబడింది. ఆయన కలం మూత పెట్టి, వీధిలోకి చూస్తూ కూచున్నాడు.